ఇసక నేలలో తంగేడు: పీకి తెచ్చిన మొక్క ఎందుకు ఎండిపోయింది?

ప్రశ్న: మాది తిరుచానూరు పక్కన, స్వర్ణముఖి ఏటికి దగ్గర్లోనే ఇల్లు. వెనక కొంచెం జాగా ఉంది, తోట పెట్టుకోవాలని ఆశ, కానీ నేలంతా ఇసక, పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోతాయి. గులాబీలు, మందారాలు ఎండలకి మాడిపోయినాయి. వంగ చెట్లకి పూలు బాగా వస్తాయి కానీ కాయ నిలవదు, సొరపాదుకి పిందెలు పసుపు తిరిగి రాలిపోతాయి, తేనెటీగలు లేకనే అంటారు మా ఆయన. మన నేలలో పుట్టిన పూల చెట్టు పెడితే ఈగలు, సీతాకోకచిలకలు వస్తాయని విని కొండ కింద నుంచి రెండు తంగేడు మొక్కలు పీకి తెచ్చి నాటినా, వారం తిరక్కుండానే రెండూ ఎండిపోయినాయి. రోడ్డు పక్కన ఎవరూ పట్టించుకోకుండా పెరిగే చెట్టు మా ఇంట్లో ఎందుకు బతకలేదు? మా అత్తేమో తంగేడుకి పురుగులు పడతాయి, పొద కింద పాములు చేరతాయి, వద్దు అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అక్కా, చెట్టు ఎంచుకోవడంలో మీరు కరెక్టుగానే పోయినారు. తిరుపతి నుంచి రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి దాకా ఏ గట్టు చూసినా, ఇటు చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు పోయే దోవలో ఏ బీడు చూసినా తంగేడు ఉంటుంది, దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు, పశువులు కూడా పెద్దగా మూతి పెట్టవు కాబట్టి అంతా మేసేసిన బీట్లో కూడా పచ్చగా అదే మిగిలి ఉంటుంది. మీ ఇసక దానికి ఇబ్బందే కాదు. మొక్కలు పోయింది నేల వల్ల కాదు, పీకడం వల్ల.

తంగేడుకి తల్లివేరు చానా లోతుకి దిగుతుంది, పైన జానెడు మొక్క కనిపిస్తే కింద మూరెడు వేరు ఉందనుకోవాల. మనం పట్టుకుని లాగితే లావు ముక్క ఒకటి చేతికొస్తుంది, నీళ్ళు తాగే సన్న వేర్లన్నీ అక్కడే మట్టిలో తెగి ఉండిపోతాయి. తెచ్చి నాటినాక ఆకులేమో ఎప్పటిలాగే ఎండకి నీళ్ళు వదుల్తా ఉంటాయి, కింద నుంచి పైకి ఎక్కేది ఏమీ ఉండదు, అందులోనూ ఇసకలో తేమ వేరుకి అంటి నిలవదు కాబట్టి మీరు ఎన్ని బిందెలు పోసినా దానికి అందలేదు. ఇంకో మాట, కొండ కింద అంటే చానా వరకు రిజర్వ్ ఫారెస్టే. శేషాచలం కొండల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ చేసినారు, అక్కడ నుంచి మొక్క పీక్కురావడం చట్టప్రకారం కూడా తప్పే, ఇంకోసారి వద్దు అక్కా.

తంగేడుని గింజ నుంచే పెంచాల. ఊరి గట్ల మీద, రోడ్డు వారన ఉండే చెట్లకి పోయినేటి కాయలు ఇప్పుడు కూడా వేలాడుతుంటాయి, పల్చగా చదునుగా గోధుమరంగులో, ఊపితే గలగలమంటాయి. నాలుగైదు చెట్ల నుంచి తలా కొన్ని కోసుకోండి, ఒకే చెట్టువి వద్దు. ఒలిచి చూస్తే కొన్ని గింజలకి గుండ్రటి బెజ్జం కనిపిస్తుంది, అది పురుగు తినేసిన గింజ, పారెయ్యండి. మంచి గింజ గట్టిగా నున్నగా ఉంటుంది, ఆ గట్టితనమే మనకి ఇబ్బంది, పైతోలు నీళ్ళని లోపలికి పోనివ్వదు, అట్లనే మట్టిలో పెడితే నెలల తరబడి మొలవకుండా ఉండిపోతుంది. అందుకని నీళ్ళు బాగా మరిగించి పొయ్యి మీద నుంచి దించి, రెండు నిమిషాలు ఆగి గింజలు అందులో వేసి రాత్రంతా వదిలెయ్యండి, పొయ్యి మీద ఉన్నప్పుడు వెయ్యొద్దు, గింజ ఉడికిపోతుంది. పొద్దునకి ఉబ్బినవి ఉబ్బుతాయి, వాటిని విత్తుకోండి, ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒకవైపు కొంచెం రుద్ది, అంటే మొలక వచ్చే ముక్కు వైపు కాకుండా ఇంకో వైపు, మళ్ళీ నానబెట్టండి.

ఇసక నేలకి నన్నడిగితే నేరుగా గుంతలోనే విత్తడం మేలు, ఎందుకంటే వేరు మొదటి రోజు నుంచే తన దోవ తను చూసుకుని కిందికి పోతుంది. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, తీసిన ఇసకలో ఒక తట్ట చెరువు పూడిక మట్టి, రెండు దోసిళ్ళు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మళ్ళీ నింపండి. చెరువు మట్టి దొరక్కపోతే ఎర్రమట్టి. కలపాల, అడుగున ఒక పొరగా పరవకూడదు, పొరగా వేస్తే వేరు ఆ మెత్తటి మట్టిలోనే చుట్టుకుని ఆగిపోతుంది. ఎరువు ఇంతకన్నా ఎక్కువ వద్దు, యూరియా అస్సలు వద్దు, బలం ఎక్కువైతే ఆకు మీదికి పోయి పువ్వు తగ్గుతుంది. తంగేడు చిక్కుడు కుటుంబమే కదా, నేలకి నత్రజని ఇస్తుంది అని కొంతమంది చెప్తారు, అది నమ్మొద్దు, దీని వేర్లకి నత్రజని పట్టిపెట్టే బుడిపెలు కట్టవు. కాకపోతే ఆకు మాత్రం మంచి ఎరువే, పాతకాలం రైతులు తంగేడు కొమ్మలు కొట్టి వరి మడిలో తొక్కించేది అందుకే.

గుంతకి మూడు గింజలు, వేలి గోరంత లోతులో. మొలిచినాక బలంగా ఉండేది ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో కోసెయ్యండి, పీకితే ఉంచుకునేదాని వేరు కూడా కదులుతుంది. కవర్లలోనే పెంచుకుంటాను అంటే పొడుగు కవర్లు తీసుకోండి, పొట్టి కుండీలు వద్దు, ఆడి కృత్తిక లోపల, అంటే జూలై, ఆగస్టులో, గింజ వేసుకుంటే తిరుమల బ్రహ్మోత్సవాలు అయ్యేసరికి నాటడానికి వస్తుంది, మన వైపు పెద్ద వానలు ఎట్లాగూ అక్టోబర్, నవంబర్లోనే కదా. కవర్ అడుగు నుంచి వేరు బయటికి రాకముందే నాటెయ్యాల, మట్టి గడ్డ చెదరకుండా కవర్ చీల్చి దించాల.

ఎక్కడ పెట్టాలి అంటే రోజంతా ఎండ తగిలే చోట, గోడ నీడలో వద్దు. మీది ఏటి పక్కన కాబట్టి ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, తంగేడు ఎండకి ఓర్చుకుంటుంది కానీ మొదట్లో నీళ్ళు నిలిస్తే ఓర్చుకోదు. 2021 నవంబర్లో స్వర్ణముఖి ఎట్లా పొంగిందో మీరు చూసే ఉంటారు, అంతటి వరద కాకపోయినా వాయుగుండం పట్టి నాలుగు రోజులు కురిస్తే పల్లం జాగాలో నీళ్ళు దిగవు. అందుకని మీ స్థలంలో మెరక చూసి పెట్టండి, లేదంటే మట్టి పోసి జానెడు ఎత్తు గట్టు వేసి దాని మీద విత్తండి.

నీళ్ళ సంగతి. పైపు పెట్టి రోజూ తడిపితే పైన రెండు అంగుళాలు తడుస్తుంది, వేరు పైపైనే ఉండిపోతుంది, ఎండాకాలం రాగానే చెట్టు వాడిపోతుంది. దానికి బదులు పాది కట్టి, మొలక నిలదొక్కుకునే దాకా రోజు మార్చి రోజు కొంచెం కొంచెంగా, ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఒక్కో చెట్టుకి ఒక బిందె నింపాదిగా పొయ్యండి. వానలు పట్టినాక ఆపెయ్యండి. పాదిలో వేరుశనగ పొట్టు మందంగా పరిస్తే ఇసకలో తేమ చానా రోజులు నిలుస్తుంది, మన జిల్లాలో వేరుశనగ పొట్టుకి కొదవ లేదు, చెరకు చెత్తైనా మామిడాకులైనా సరే, మొదలుకి మాత్రం ఆనించొద్దు. మొదటి ఎండాకాలం, అంటే మే నెలలో తిరుపతి గంగ జాతర టైములో ఎండలు ముదిరినప్పుడు వారం పది రోజులకోసారి ఒక బిందె పోస్తే చాలు, రెండో ఎండాకాలానికి అదీ అక్కర్లేదు. పువ్వు రెండో ఏటికి బాగా చూస్తారు.

ఇంక మీ అసలు ప్రశ్న, ఈగలు వస్తాయా, కాయ నిలుస్తుందా అని. దీన్ని కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే తంగేడు పెట్టి తేనెటీగలు రాలేదని చెట్టు కొట్టేసిన వాళ్ళు ఉన్నారు. తంగేడు పువ్వులో తేనె ఉండదక్కా. ఆ పువ్వు ఇచ్చేది పుప్పొడి మాత్రమే, అదీ అందరికీ ఇవ్వదు. ఒక పువ్వు తెంపి దగ్గర పెట్టుకుని చూడండి, అయిదు పసుపు రేకులు, మధ్యలో పది కేసరాలు, అన్నీ ఒక సైజులో ఉండవు. పైన ఉండే మూడు చిన్నవి, పుప్పొడి లేనివి. మధ్యలోవి కొంచెం పెద్దవి, కింద ఉండేవి పొడుగ్గా వంకీ తిరిగి ఉంటాయి. ఈ కేసరాల సంచి మామూలు పూలకి చీలినట్టు పక్కనుంచి చీలదు, కొసన సన్న బెజ్జం ఉంటుంది, పౌడర్ డబ్బా మూతకి ఉన్నట్టు, ఊపితేనే రాలుతుంది. ఆ ఊపేది తుమ్మెద.

పొద్దున్నే ఎండ పడేటప్పుడు పూసిన తంగేడు దగ్గర నిలబడి చూడండి. నల్లగా, బొద్దుగా, ఎండ తగిలితే రెక్కలు నీలంగా ఊదాగా మెరిసే పెద్ద తుమ్మెద వచ్చి పువ్వు మీద వాలి కేసరాల్ని కాళ్ళతో వాటేసుకుంటుంది, రెక్కలు మడుచుకునే ఉంటాయి, లోపల ఛాతీ కండల్ని మాత్రం గట్టిగా వణికిస్తుంది. అప్పటిదాకా బొంగురుగా వినిపించే రొద ఒక్కసారిగా సన్నగా, పై స్థాయిలో జుయ్ మంటుంది, ఒకసారి విన్నాక మీరు పువ్వు వైపు చూడకుండానే చెప్పెయ్యొచ్చు. ఆ వణుకుకి బెజ్జంలో నుంచి పుప్పొడి చిమ్మి దాని పొట్ట నిండా పసుపు పూసుకుంటుంది. మధ్య కేసరాల పుప్పొడిని పిల్లల తిండికి ఎత్తుకుపోతుంది, కింది పొడుగు కేసరాలది ఒంటి పక్కల అంటి ఇంకో పువ్వుకి చేరుతుంది. కొన్ని పూలకి కీలం, అంటే పువ్వు మధ్యలో ఉండే ఆడ భాగం కాడ, ఎడమకి వంగి ఉంటుంది, కొన్నిటికి కుడికి, ఒకే చెట్టు మీద రెండు రకాలూ ఉంటాయి, ఆ పక్కల అంటిన పుప్పొడి సరిగ్గా దానికి తగిలేట్టు. తుమ్మెద ఒక్కటే కాదు, పొట్ట మీద నీలం చారలుండే, తేనెటీగ జాతిదే చిన్న ఈగ ఒకటి ఉంటుంది, అదీ ఇట్లనే చేస్తుంది. మనం తేనె తీసే తేనెటీగకి ఈ పని చేతకాదు, అది వచ్చినా కింద రాలిన పుప్పొడి ఏరుకుపోవడమే.

ఇది మీకెందుకు చెప్తున్నానంటే మీ వంగ పువ్వు కూడా అచ్చం ఇట్లాంటిదే. వంకాయ, టమాటా రెండిటికీ కేసరాల్ని వణికిస్తేనే పుప్పొడి బాగా రాలుతుంది, గాలికి కొంత రాలుతుంది కానీ తుమ్మెదలు, నీలి చారల ఈగలు తిరిగే తోటలో కాయ బాగా నిలుస్తుంది, కాయ సైజు కూడా బాగుంటుంది. కాబట్టి వంగమడికి దగ్గర్లో తంగేడు పెట్టడం చానా మంచి ఆలోచన. వంగకి పురుగు మందు కొట్టాల్సొస్తే పూలు విచ్చి ఈగలు తిరిగే పొద్దున పూట మాత్రం కొట్టొద్దు, సాయంత్రం చీకటి పడే ముందు, అదీ తప్పదు అనుకుంటేనే.

సొరపాదుకి మాత్రం తంగేడు సాయం చెయ్యదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. సొర పువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం పూసే పువ్వు అది, పొద్దునకి వాడిపోతుంది. మీ ఇంటి వెనక లైటు రాత్రంతా వెలుగుతుంటే ఆర్పేసి చూడండి, ఆ పురుగులు పాదు వదిలేసి లైటు చుట్టూ తిరుగుతుంటాయి. అంతలోపు చేత్తో చేసుకోవచ్చు, దీపాలు పెట్టే వేళకి మగపువ్వు ఒకటి తెంపి, అంటే కింద పిందె లేకుండా సన్న కాడ ఉండేది, రేకులు తీసేసి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెత్తగా రుద్దండి. పిందె పసుపు తిరక్కుండా నిలబడితే పుప్పొడి అందకనే రాలుతోందని తేలినట్టు.

తేనెటీగలు, తేనె తాగే సీతాకోకచిలకలు రావాలంటే తంగేడు పక్కన తేనె ఉండే పూలు కొన్ని జతచెయ్యాల. నేనైతే వావిలి చెప్తా. ఏటి ఒడ్డు ఇసకలో పెరిగే చెట్టే అది, వానాకాలంలో వేలంత లావు కొమ్మ గుచ్చితే బతుకుతుంది, నీలం పూల గెలలకి పొద్దంతా ఈగలే. కింద జాగాలో తుమ్మి, వెంపలి మొలిస్తే కలుపు అని పీకెయ్యొద్దు, వెంపలి వేర్లు తంగేడులాగ కాదు, బుడిపెలు కట్టి ఇసకకి నిజంగానే నత్రజని ఇస్తాయి. తులసి కంకులు తుంచకుండా కొన్ని పూయనివ్వండి. లాంటానా మాత్రం పెట్టొద్దు, సీతాకోకచిలకలు వాలతాయి నిజమే కానీ అది బయట దేశం నుంచి వచ్చి మన అడవుల్ని ముంచేస్తున్న చెట్టు, పిట్టలు పండు తిని కొండదాకా మోసుకుపోతాయి.

తుమ్మెద ఉండాలంటే దానికి ఇల్లు కూడా కావాల. ఎండు వెదురులో, ఎండిపోయిన మాను కొమ్మల్లో బెజ్జం చేసుకుని గుడ్లు పెడుతుంది. పాత వెదురు బొంగులు రెండు మూడు కట్టగట్టి వాన తడవని చోట కట్టండి, ఎండిన మునగ కొమ్మ ఉంటే నరకొద్దు. నీలి చారల ఈగ మట్టిలో బొరియ చేసుకుంటుంది, అందుకే పెరడంతా సిమెంటు, టైల్స్ వెయ్యకుండా కొంత మట్టి నేల ఖాళీగా వదిలిపెట్టండి. పిల్లలున్న ఇల్లు, కుడుతుందేమో అని భయం వద్దు, మొహం ముందు గింగిరాలు కొట్టేది మగ తుమ్మెద, దానికి ముల్లే ఉండదు, ఆడది కూడా చేత్తో పట్టి నలిపితే తప్ప కుట్టదు.

మీ అత్త చెప్పింది సగం నిజమే. తంగేడుకి పురుగు పడుతుంది, ఆకుపచ్చగా, పక్కన లేత గీతతో, ఆకు ఈనె వెంబడి పడుకుని ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. అది సీతాకోకచిలక పిల్ల. వానలు పడినాక గుంపులు గుంపులుగా ఒకే దిక్కుకి పోతుంటాయే లేత పసుపు, తెలుపు సీతాకోకచిలకలు, అవి తంగేడు, రేల లాంటి చెట్ల మీదనే గుడ్లు పెడతాయి. మీకు సీతాకోకచిలకలు కావాలంటే ఈ పురుగు ఉండాల్సిందే, వేపనూనె కూడా కొట్టొద్దు. కొన్ని కొమ్మలు మోడుగా కనిపిస్తాయి, రెండు మూడు వారాల్లో మళ్ళీ చిగురేస్తుంది, చెట్టు చావదు, ఈ పురుగు మీ వంగకి, టమాటాకి పాకదు. పైగా పిగిలిపిట్టలు వచ్చి చానా వాటిని ఏరుకు తినేస్తాయి. ఆకుల కాడ మీద జతలు జతలుగా ఉండే చిన్న ఆకు రెక్కల మధ్య చిన్న బొడిపెలుంటాయి, వాటిలో తీపి ఊరుతుంది, దానికోసం చీమలు పాకుతుంటాయి, అవి కూడా కాపలానే, పొడి చల్లొద్దు. మొదటి ఏడు, మొక్క మూరెడు కూడా లేనప్పుడు పురుగు ఎక్కువైతే మాత్రం చేత్తో తీసి పెద్ద తంగేడు ఎక్కడుంటే అక్కడ వదిలి రండి.

పాముల సంగతి, పొద నేలకి అంటుకుని గుబురుగా ఉంటే ఏ చెట్టు కిందైనా చేరతాయి, తంగేడుకి ప్రత్యేకం కాదు. రెండో ఏటి నుంచి కింద అడుగు ఎత్తు వరకు కొమ్మలు తీసేసి మొదలు కనిపించేట్టు ఉంచుకోండి, రాళ్ళు, పాత ఇటుకలు అక్కడ కుప్ప పెట్టొద్దు, చెట్టుని వాకిలికి పది అడుగుల దూరంలో పెట్టండి. మీ అత్తకి కూడా ధైర్యంగా ఉంటుంది.

నర్సరీలో కొంటాను అంటే జాగ్రత్త. తంగేడు అని అడిగితే సీమతంగేడు ఇస్తారు, అది పెద్ద మాను అవుతుంది, లేదా పసుపు పూలున్న ఇంకేదో బయటి రకం చేతిలో పెడతారు. అసలు తంగేడుకి గుర్తు, ఆకు కాడ కొమ్మకి అతుక్కునే చోట రెండు వైపులా చెవుల్లాగా వెడల్పాటి చిన్న ఆకులుంటాయి, ఇందాక చెప్పిన బొడిపెలు ఆకు రెక్కల ప్రతి జత మధ్యా ఉంటాయి, కాయ పల్చగా బల్లపరుపుగా ఉంటుంది. ఈ మూడూ చూసి తీసుకోండి.

పూత అయినాక, కాయలు ఎండినాక, ఫిబ్రవరి చివర్లో మూడో వంతు కొమ్మలు కత్తిరిస్తే మళ్ళీ వానలకి గుబురుగా వచ్చి ఎక్కువ పూస్తుంది, అంతకన్నా కిందికి నరకొద్దు. సంక్రాంతికి గొబ్బెమ్మల మీదికి పూలు కోసుకోండి, కానీ చెట్టంతా దులపకుండా కొసల్లో కొన్ని వదిలెయ్యండి, తుమ్మెదకీ కావాల, మళ్ళీ గింజకీ కావాల. మీ జాగాకి మూడు చెట్లు చాలు, అయిదేసి అడుగుల దూరంలో, వంగమడికి పడమర వైపు పెడితే మధ్యాహ్నం ఎండ కూడా మడికి కొంచెం తగ్గుతుంది. గింజలు మాత్రం ఒక పది పన్నెండు ఎక్కువే నానబెట్టుకోండి, అన్నీ మొలవవు.